గ్రీసు వెళ్ళి ఏమీ చూడకుండా తిరిగి రావడం ఎలా?

(తాడ్వాయి, లింగంపేట, ఎల్లారెడ్డి వైపు నుంచి బయల్దేరేవారికి ప్రత్యేక చిట్కాలు)

తాడ్వాయికి విమానం కొత్త కాదు. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి దాకా ఏ ఊరికి పోయినా దుబాయ్, మస్కట్, దోహా చూసొచ్చిన మనిషి వాడకొకడు ఉంటాడు. ఇమిగ్రేషన్ కౌంటర్‌లో ఏ కాగితం ముందు పెట్టాలో, ఏజెంటు మాటలో ఎంత నమ్మాలో మన ముసలవ్వలు కూడా చెప్పగలరు. కానీ అవన్నీ పొట్ట కోసం పోయిన ప్రయాణాలు. ఇప్పుడు కొడుక్కి గచ్చిబౌలిలో ఉద్యోగం, కోడలి చేతిలో ఫోను, ఆ ఫోనులో నీలం సముద్రం ఒడ్డున తెల్లటి ఇళ్ళు. "బాపూ, ఈసారి తిరుపతి కాదు, గ్రీసు" అంటున్నాడు వాడు.

పోండి, తప్పులేదు. అయితే ఒక ప్రమాదం ఉంది. అక్కడ రెండున్నర వేల ఏళ్ళ నాటి రాళ్ళున్నాయి. వాటి ముందు కాసేపు ఊరికే నిలబడితే చాలు, దీన్ని ఎవరు చెక్కారు, ఎట్లా పైకెత్తారు, ఎందుకు పగిలింది అని మనసు పీకడం మొదలుపెడుతుంది. అది మొదలైతే షాపింగు పాడు, గ్రూపులో వెనకబడడం, భోజనం ఆలస్యం. లక్షలు పోసి ఇంత నష్టం కొనుక్కోవడం దేనికి? కింది చిట్కాలు వరుసగా పాటించండి. గ్రీసంతా తిరిగి, దేన్నీ చూడకుండా, క్షేమంగా ఇల్లు చేరుతారు.

1. సాధన ఇంటి దగ్గరే మొదలుపెట్టండి

ఏథెన్స్‌లోని పార్థెనాన్ గుడిని పట్టించుకోకుండా దాటిపోవడం తొలిరోజే ఎవరికీ చేతకాదు. అలవాటు కావాలి. అదృష్టం కొద్దీ మన వైపు అందుకు తగిన ఏర్పాట్లన్నీ ఉన్నాయి.

మొదటి పాఠం లింగంపేట నాగన్న బావి. పద్దెనిమిదో శతాబ్దపు మెట్లబావి. పాడుబడి ఉన్నదాన్ని ఈమధ్యే బాగుచేశారు. ఎల్లారెడ్డి పోయేటప్పుడు ఆ పక్కనుంచే పోతాం కాబట్టి బండి ఆపకుండా పోవడం సాధన చేయండి. ఎవరైనా చుట్టాలు బలవంతంగా ఆపిస్తే పైనే నిలబడి, లోపలికి ఒకసారి తొంగి చూసి, "గింతేనా?" అనేసి బండి స్టార్టు చేయండి. మెట్లు మాత్రం దిగొద్దు. నాలుగు మెట్లు దిగితే చల్లగాలి తగులుతుంది. ఇంకో నాలుగు దిగితే, నీళ్ళు తోడుకోవడానికి ఇంత అందం దేనికి పెట్టారన్న అనుమానం వస్తుంది. ఆ అనుమానమే మన శత్రువు.

రెండో పాఠం దోమకొండ కోట. కామినేని సంస్థానాధీశుల గడి. శిథిలమైన కోటను ఆ కుటుంబమే పూనుకుని బాగుచేయిస్తే, 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారాల్లో దానికి చోటు దక్కింది. లోపల కాకతీయుల కాలం నాటి మహాదేవుని గుడి కూడా ఉంది. ఇంత సరుకున్న చోట మనసు జారే ప్రమాదం ఎక్కువ. దానికి ఒకటే కవచం: గేటు దాటగానే "ఈడ ఎకరం ఎంత పోతున్నదే?" అని పక్కవాణ్ణి అడగండి. ప్రపంచంలోని ఏ కట్టడాన్నయినా ఈ ప్రశ్న ఖాళీ జాగాగా మార్చేస్తుంది. ఏథెన్స్‌లోనూ పనిచేస్తుంది.

మూడో పాఠం పోచారం. నిజాం కాలంలో, 1922 నాటికి పూర్తయిన రాతి కట్ట. 2025 ఆగస్టు వరదలో కామారెడ్డి జిల్లా అతలాకుతలమై, కట్ట తెగుతుందేమోనని దిగువ ఊళ్ళు రాత్రంతా మేలుకుంటే, ఆ నూరేళ్ళ కట్ట నిలబడింది. ఎవరు కట్టారు, ఏ లెక్కతో కట్టారు అని అడగాల్సిన చోటు. మీరు అడగకండి. అలుగు పారే రోజు చూసి వెళ్ళండి. నీళ్ళకు వీపు పెట్టి, ఫోనుకు ముఖం పెట్టి నిలబడండి. వీపుతో దృశ్యాన్ని చూడడం వచ్చిన నాడు మీ చదువు పూర్తయినట్టే. ఇక వీసాకు అప్లై చేసుకోవచ్చు.

2. కాగితాలు కడసారికి ఉంచండి

గ్రీసుకు షెంగెన్ వీసా కావాలి. పెద్దవాళ్ళకు 90 యూరోల రుసుము, కనీసం 30 వేల యూరోలకు ప్రయాణ బీమా, హోటలు బుకింగు, బ్యాంకు స్టేట్‌మెంటు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు తీసుకుంటారు, కనీసం పదిహేను రోజుల ముందైనా ఇవ్వమంటారు. మీరు పదహారో రోజు దాకా ఆగండి. ముందే వీసా చేతికొస్తే మిగిలిన నెలల్లో గ్రీసు గురించి ఏదో పుస్తకం చదివే అవకాశం ఉంది. చదివి వెళ్ళినవాడికి ప్రతి రాయీ తెలిసిన ముఖమే. వాడు ఏమీ చూడకుండా తిరిగిరావడం దాదాపు అసాధ్యం.

3. వేళ: జూలై, మిట్టమధ్యాహ్నం

అక్రోపోలిస్ అంటే ఏథెన్స్ నడిబొడ్డున బోడి బండగుట్ట. నీడ లేదు. వేసవిలో ఉదయం ఎనిమిదికే తెరుస్తారు, అప్పుడు గాలి చల్లగా, జనం పలచగా ఉంటారు. అందుకే ఆ వేళకు వెళ్ళకూడదు. హోటల్లో ఇడ్లీ లేదని గొడవపడి, తెచ్చుకున్న ఉప్మా రవ్వ వండుకుని, తీరిగ్గా పన్నెండింటికి బయల్దేరండి. ఎవరైనా వారిస్తే "రామగుండం ఎండలు చూసినోళ్ళం" అనండి. ఈమధ్య కొన్ని వేసవుల్లో ఎండ మరీ ముదిరితే మధ్యాహ్నం కొన్ని గంటలు అక్కడి ప్రభుత్వమే గేట్లు మూయిస్తోంది. ఆ రోజు మీ అదృష్టం పండినట్టే. "పోయినం, మూసిండ్రు" అని జీవితాంతం చెప్పుకోవచ్చు.

2023 నుంచి అక్కడ రోజుకు 20 వేల మందినే పంపిస్తున్నారు. గంటల వారీగా టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కోవాలి. 2025 ఏప్రిల్ నుంచి టికెట్ 30 యూరోలు. ముందుగా కొనొద్దు. గేటు దగ్గర నిలబడి "గుడికి టికెట్టేంది?" అని వాదించండి. ఫలానా ఎమ్మెల్యే మా బామ్మర్ది అని కూడా చెప్పి చూడండి. నవంబరు నుంచి మార్చి వరకు నెలలో మొదటి ఆదివారం ఉచితమని ఎవరైనా చెబితే వినకండి. చలికాలంలో ఎండ బంగారంలా ఉంటుంది, క్యూలు ఉండవు, గంటల తరబడి నిలబడి చూడవచ్చు. అంతకన్నా దరిద్రం ఇంకేముంది?

4. లెక్క ముఖ్యం, చూపు కాదు

గ్రీసులో చిన్నాపెద్దా కలిపి దాదాపు ఆరువేల దీవులున్నాయని అంటారు. మనుషులు ఉండేవి 227. తిరిగొచ్చాక మిమ్మల్ని అడిగేది ఎన్ని చూశారనే. కాబట్టి ఎనిమిది రోజుల్లో ఏథెన్స్, డెల్ఫీ, ఒలింపియా, మైసీనె, ఎపిడారస్, క్రీట్, శాంటోరిని, మికోనోస్ పెట్టుకోండి. సూత్రం ఒకటే: దారి పొడవుండాలి, చోటు పొట్టిగా ఉండాలి. డెల్ఫీకి మూడు గంటలు పోయి, అరగంట ఉండి, మూడు గంటలు రావాలి. ఆ అరగంటలో పావుగంట బాత్రూం, పది నిమిషాలు చాయ్, మిగిలింది అపోలో గుడికి. మైసీనెలో సింహద్వారం కింద నడిచేటప్పుడు తల ఎత్తకండి. పైన రెండు సింహాలు మూడువేల రెండువందల ఏళ్ళకు పైగా ఎదురెదురుగా నిలబడి ఉన్నాయి. వాటికి తొందరేం లేదు, మీకుంది.

5. అక్రోపోలిస్ మీద చూడకూడనివి

ఇది కీలకమైన అధ్యాయం. ఇక్కడ దాటితే ఇక అంతా సులువే.

పార్థెనాన్ పని క్రీ.పూ. 447లో మొదలై, శిల్పాలతో సహా 432కు ముగిసింది. ఏథెన్స్ నాయకుడు పెరిక్లీస్ పూనిక, ఇక్టినోస్, కాలిక్రటీస్ అనే వాస్తుశిల్పుల ప్లాను, ఫీడియాస్ శిల్పాలు. ముందు ఎనిమిది, పక్కన పదిహేడు స్తంభాలు. ఈ సంగతులు తెలిసినా ప్రమాదం లేదు, అంకెలు ఎవరినీ కదిలించవు. ప్రమాదమంతా కింది మెట్టు దగ్గర ఉంది.

పొరపాటున కూడా గుడి మూలన వంగి, పొడవాటి మెట్టు అంచు వెంబడి చూడకండి. మెట్టు తిన్నగా లేదని కనిపిస్తుంది. సుమారు 70 మీటర్ల పొడవున మధ్యలో 11 సెంటీమీటర్లు ఉబ్బి ఉంటుంది. కుంగి అలా అయింది కాదు, కావాలని అలా కట్టారు. స్తంభాలు నడుము దగ్గర కొద్దిగా లావు. మూల స్తంభాలు మిగతావాటికన్నా కొంచెం మందం. అన్నీ పిసరంత లోపలికి వాలి ఉంటాయి. అలాగే పైకి పెంచుకుంటూ పోతే కిలోమీటర్ల ఎత్తున ఆకాశంలో ఎక్కడో కలుస్తాయట. తిన్నగా ఉన్నట్టు కంటికి అనిపించడం కోసం ఒక్క గీత కూడా తిన్నగా గీయలేదు. ఇంత చూశాక మనిషి మామూలుగా ఉండలేడు. అందుకే మెట్టు దగ్గర వంగొద్దు. మోకాళ్ళ నొప్పులున్నవారు ధన్యులు.

స్తంభం దగ్గరికి వెళ్ళడమూ అంతే చేటు. అది ఏకశిల కాదు, ఒకదాని మీద ఒకటి పేర్చిన గుండ్రటి రాళ్ళు. రెండు రాళ్ళ నడుమ అతుకు వెంట్రుకవాసిగా ఉంటుంది. లోపల మధ్యలో చదరపు గుంట, అందులో కొయ్యదిమ్మ. గోడరాళ్ళను ఇనుప కొక్కేలతో బిగించి, తుప్పు పట్టకుండా పైన సీసం కరిగించి పోశారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బాగుచేసిన ఇంజినీరు బలానోస్ ఇనుము వాడాడు కానీ సీసం పోయలేదు. ఇనుము తుప్పుపట్టి ఉబ్బి చలువరాళ్ళను పగలగొట్టింది. ఇప్పుడు వాటిని తీసి టైటేనియం పెడుతున్నారు. పెంటెలికస్ కొండ నుంచి తెచ్చిన పాత రాయి తేనెరంగు తిరిగి ఉంటుంది, అదే కొండ నుంచి తెచ్చిన కొత్త రాయి తెల్లగా ఉంటుంది. ఎక్కడ ఆనాటి పనివాడు ఆగాడో, ఎక్కడ ఈనాటి పనివాడు అందుకున్నాడో కంటికే తెలుస్తుంది. మన సున్నం మేస్త్రీ ఎవరైనా చూస్తే అక్కడే కూలబడి బీడీ ముట్టించుకోబోతాడు. కాబట్టి మేస్త్రీలను వెంట తీసుకెళ్ళకండి.

దీనికి విరుగుడుగా కొన్ని మాటలు కంఠతా పట్టండి. ఎవరైనా "అబ్బ!" అనగానే "సగం పడిపోయింది, ఏం చూస్తం?" అనాలి. అది సగం ఎందుకు పడిపోయిందో మాత్రం ఆరా తీయొద్దు. చర్చిగా, మసీదుగా మారి కూడా నిలిచిన గుడి అది. ఒట్టోమాన్లు దాన్లో తుపాకిమందు దాచుకుంటే, 1687 సెప్టెంబరు 26న వెనిస్ సైన్యం ఫిరంగి గుండు దాని మీద పడింది. నూరేళ్ళు దాటాక బ్రిటిష్ రాయబారి ఎల్గిన్ ప్రభువు మిగిలిన శిల్పాల్లో మేలైనవి ఊడదీయించుకుపోయాడు. 1816 నుంచి అవి లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. పక్కనున్న ఎరెక్థియాన్‌లో కప్పు మోసే ఆరుగురు రాతి ఆడపడుచుల్లో ఒకామె లండన్‌లో ఉంది, మిగిలిన ఐదుగురు 2009లో తెరిచిన కొత్త అక్రోపోలిస్ మ్యూజియంలో ఉన్నారు. గుట్ట మీద ఎండలో నిలబడ్డవి నకళ్ళు. మీరు నకళ్ళతో ఫొటో దిగి, అసలున్న మ్యూజియానికి "ఏసీ ఉంటదా?" అని అడిగి, ఉంటుందన్నా పోకుండా షాపింగుకు మళ్ళండి.

ఇంకో తారకమంత్రం: ఏథెన్స్‌లో నిలబడి "దీనికన్నా మన రామప్ప నయం" అనాలి. రామప్పలో నిలబడినప్పుడు "ఏథెన్స్‌లో చూసిన, ఇదేముంది" అనాలి. రెండూ చూడకుండా రెండిటి మీదా తీర్పిచ్చే సౌకర్యం ఇందులో ఉంది.

6. గైడు, చెప్పులు, పేరు

ప్రభుత్వ లైసెన్సున్న గైడును పెట్టుకోకండి, నిజాలు చెబుతాడు. ప్రతి గ్రూపులో ఒక పెదనాయన ఉంటాడు. ఆయన్నే అడగండి. "ఇదంతా పాండవులు అజ్ఞాతవాసంలో ఉన్నప్పుడు కట్టిందే" అని నిమిషంలో తేల్చేస్తాడు. మన దగ్గర ప్రతి గుట్టకూ ఇదే చరిత్ర కాబట్టి కొత్తగా ఏమీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

ఆడవాళ్ళు ఎత్తు మడమల చెప్పులే వేసుకోవాలి. 2009 నుంచి పురాతన స్థలాల్లో అవి కూడదన్నారు, చలువరాయి దెబ్బతింటుందని. పైగా కోట్లాది కాళ్ళు నడిచి ఆ రాయి నున్నబడింది, బూట్లున్నవాళ్ళే జారుతారు. చూపంతా పాదాల మీదే ఉంటుంది కాబట్టి స్తంభాలు చూసే పని తప్పుతుంది. మగవాళ్ళు రాయి మీద చెయ్యి ఆనించి ఫొటో దిగండి. కాపలావాళ్ళు ఈల వేస్తారు. "మనల్ని కాదు" అనుకోండి.

పేరు చెక్కే విషయం. ఏథెన్స్ దగ్గర సూనియోన్‌లో సముద్రం పైన పోసైడన్ గుడి ఉంది. దాని రాతి మీద బైరన్ అని ఒక పేరు కనిపిస్తుంది, ఇంగ్లీషు కవి బైరన్ చెక్కిందేనని చెబుతారు. అంత పెద్ద కవి చెక్కగా లేనిది తాడ్వాయి మనిషి చెక్కితే తప్పా? మన దగ్గర 1958 నాటి పురాతన కట్టడాల చట్టం కింద రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ళ జైలు, లక్ష రూపాయల జరిమానా దాకా ఉన్నా గోల్కొండ గోడల మీద ప్రేమ ఆగిందా? అయితే గ్రీసులో పోలీసులకు మన "అన్నా, ఇడిసిపెట్టు" అర్థం కాదు. చెక్కేముందు వాళ్ళ భాషలో ఆ ఒక్క వాక్యం నేర్చుకోండి.

7. మాట వినిపించే చోట అరవండి

ఎపిడారస్‌లో క్రీ.పూ. నాలుగో శతాబ్దపు రంగస్థలం ఉంది. కొండ వాలులో కింద 34, పైన 21 వరుసల రాతి మెట్లు. పద్నాలుగు వేల మంది దాకా కూర్చోవచ్చు. మైకు లేని కాలంలో నటుడి మాట పై వరుసలకు చేరేది. సున్నపురాతి మెట్ల వరుసలు జనం గుసగుసల్లాంటి మంద్రధ్వనిని అణిచి, మాటలోని స్పష్టమైన ధ్వనిని దాటనిస్తాయని 2007లో అమెరికాలోని జార్జియా టెక్ పరిశోధకులు తేల్చారు. దీన్ని పరీక్షించాలంటే ఒకరు కింద నిలబడి మెల్లగా మాట్లాడాలి, తక్కినవాళ్ళు పైన నోరు మూసుకుని కూర్చోవాలి. రెండోది మన గ్రూపుకు కుదరదు. అందరూ ఒకేసారి చప్పట్లు కొట్టండి, ఎవరి ఫోనులో వారు పాట పెట్టండి. ఏమీ వినబడలేదని తీర్మానించి బస్సెక్కండి.

"ఇట్లాంటిది మన దగ్గర కూడా ఉందట" అని పిల్లలెవరైనా అంటే మాట మార్చండి. ఎందుకంటే ఉంది. నాగార్జునకొండ లోయలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురిలో నాలుగువైపులా మెట్ల వరుసలున్న క్రీడాంగణం బయటపడింది. నాగార్జునసాగర్ నీళ్ళలో మునగకుండా దాన్ని అనుపు అనే చోట తిరిగి నిలబెట్టారు. అది చూడాలంటే షెంగెన్ వీసా అక్కర్లేదు, అందుకే ఎవరూ చూడరు.

8. దీవుల విభాగం

శాంటోరిని అంటే ఫోనులో ఉన్న తెల్ల ఇల్లే. ఆ ఇళ్ళు అగ్నిపర్వతం నోటి అంచు మీద ఉన్నాయన్న సంగతి మరిచిపోండి. క్రీ.పూ. 1600 ప్రాంతంలో అది పేలి దీవి నడుమ కూలిపోయింది, అందులోకి సముద్రం వచ్చింది. పైనుంచి అందరూ ఫొటో తీసేది ఆ గొయ్యినే. దీవి దక్షిణాన అక్రోతిరి అనే ఊరు ఆ బూడిద కింద దొరికింది. 1967లో స్పిరిడాన్ మరినాటోస్ తవ్వకం మొదలుపెట్టాడు. రెండు మూడు అంతస్తుల ఇళ్ళు, గోడల మీద రంగుల బొమ్మలు, వీధి కింద మురుగు కాలువలు. మనుషుల శవాలు మాత్రం దొరకలేదు, ముందే ఊరు ఖాళీ చేసి పడవలెక్కారన్నమాట. వాళ్ళెక్కడికి పోయారో ఎవరికీ తెలియదు. ఇలాంటి చోటికి వెళితే రాత్రి నిద్ర పట్టదు. పైగా కప్పు కింద ఉంటుంది, వెనకాల సముద్రం రాదు, డీపీకి పనికిరాదు. వదిలేయండి.

బదులుగా ఓయా ఊళ్ళో సూర్యాస్తమయానికి మధ్యాహ్నం మూడింటికే వెళ్ళి, ఆర్టీసీ బస్సు కిటికీలోంచి సీటు మీదికి తువాలు విసిరినట్టు గోడ మీద చున్నీ పరచి జాగా పట్టండి. ఐదు గంటలకు పైగా కాపలా కాసి, సూర్యుడు మునిగే క్షణంలో ముందువాడి ఫోను తెరలో సూర్యుణ్ణి చూడండి. మన పోచారం కట్ట మీద కూడా అదే సూర్యుడు, జాగా గొడవ లేకుండా మునుగుతాడు. కాబట్టి దానికి విలువ లేదు.

పాత రేవు నుంచి ఫిరా ఊరికి వందల మెట్లున్నాయి. గాడిద మీద ఎక్కొచ్చు. గాడిద మీద వంద కిలోలు, లేదా దాని బరువులో ఐదో వంతు మించి ఎక్కించకూడదని 2018లో నిబంధన పెట్టారు. బరువు అడిగితే పెళ్ళినాటి బరువు చెప్పండి. మెట్ల పక్కనే తీగ మీద నడిచే కేబుల్ కారు ఉంది, అది గాడిదలకు మేలు కాబట్టి ఎక్కకండి.

జూలై, ఆగస్టుల్లో ఎజియన్ సముద్రం మీద మెల్టెమి అనే ఉత్తరగాలి వీస్తుంది, ఒక్కోరోజు ఓడలు రేవు కదలవు. కనుక తిరుగు విమానం ఉన్న రోజునే శాంటోరిని నుంచి ఏథెన్స్ పిరయస్ రేవుకు ఎనిమిది గంటల ఓడ బుక్ చేసుకోండి. ఒక రోజు ముందే వచ్చి కూర్చుంటే ఆ ఖాళీ రోజున మళ్ళీ అక్రోపోలిస్‌కు పోవాలనిపిస్తుంది.

మికోనోస్ వెళ్ళినవాళ్ళను దగ్గర్లోనే పడవ మీద ఇంకో దీవికి పోదామని ఎవరైనా పిలుస్తారు. అది డెలోస్. అపోలో పుట్టిన చోటని పురాణం. ప్రాచీన కాలంలో అక్కడ ఎవరూ పుట్టకూడదు, చావకూడదు అని కట్టడి చేశారు. ఈ రోజుకీ యాత్రికులు రాత్రి ఉండడానికి లేదు, సాయంత్రానికి అందర్నీ పంపించేస్తారు. హోటలు లేదు, షాపు లేదు, ఉన్నదల్లా ఒక నగరం తాలూకు వీధులు, గుళ్ళు, రాతి సింహాల వరుస. మనలాంటివాళ్ళకు అక్కడేం పని?

దీవి మీద ప్రాచీన నగరం చూడాల్సిందే అని ఎవరైనా పట్టుబడితే, మన నాగార్జునకొండ కూడా అలాంటిదే అని చెప్పి నోరు మూయించండి. అక్కడ మాత్రం దీవి ముందు, నగరం తర్వాత కాదు. క్రీ.శ. మూడు, నాలుగు శతాబ్దాల ఇక్ష్వాకుల నగరం ముందు, సాగర్ నీళ్ళు నిండాక కొండ నెత్తి దీవి అయింది. 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో లోయంతా తవ్వి, ముఖ్యమైన కట్టడాలను విప్పి పైకి తెచ్చి కట్టారు. తక్కినది నీళ్ళ కింద ఉంది. అక్కడి చెక్కడాల్లో గడ్డం మనిషి ఒకడు కొమ్ముపాత్ర పట్టుకుని నిలబడి ఉంటాడు, గ్రీకుల మద్యదేవత డయోనిసస్ పోలికలతో. కృష్ణా ఒడ్డు శిల్పి చేతికి ఆ పోలిక ఏ పడవల మీద వచ్చిందో ఊహించడం మొదలుపెడితే తెల్లారుతుంది. ఊహించకండి.

9. తిండి, మర్యాద, జ్ఞాపికలు

సూట్‌కేసులో సగం బియ్యం, సర్వపిండి, సకినాలు, తొక్కు పెట్టుకోండి. నెయ్యి డబ్బా, ఎండుమాంసం కూడా పెట్టండి. బయటి దేశాల నుంచి వచ్చే ప్రయాణికులు మాంసం, పాల పదార్థాలు తేవడం యూరోపియన్ యూనియన్‌లో నిషేధం కనుక కస్టమ్స్ దగ్గర ఒక గంట కాలక్షేపం అవుతుంది. అక్కడి తిండి ముట్టొద్దు. ముడితే మోసపోతారు. శాంటోరిని ఫావా అంటే పసుపుపచ్చ పప్పును మెత్తగా ఉడికించి, పైన ఉల్లిపాయ, ఆలివ్ నూనె వేసింది. ముద్దపప్పే. టమాటా, మిరపకాయల్లో బియ్యం కూరి వండేది గెమిస్తా. వాళ్ళకు ఉపవాసాలు ఎక్కువ, ఆ రోజుల కోసం మాంసం లేని వంటకాలు బోలెడు. శాకాహారులు ఇబ్బంది పడరని తెలిస్తే "అక్కడ తిండికి చచ్చినం" అనే కథ పోతుంది. ఏథెన్స్‌లో ఇండియన్ రెస్టారెంటు వెతికి బటర్ చికెనే తినండి.

ఎదురైనవాళ్ళకు ఐదు వేళ్ళూ విప్పి అరచెయ్యి ముఖం ముందు చాపి దీవించండి. అక్కడ అది పెద్ద తిట్టు. మధ్యాహ్నం మూడు నుంచి ఐదు దాకా ఊరు కునుకు తీస్తుంది, ఆ వేళ బాల్కనీలో నిలబడి తాడ్వాయికి వీడియో కాల్ చేయండి. అక్కడి పాత పైపులు సన్నవి, బాత్రూంలో కాగితం డబ్బాలో వేయమని బోర్డు ఉంటుంది. బోర్డులు చదవడం మన వంశంలో లేదు.

గుర్తుగా ఒక రాయి తెచ్చుకోండి. పురాతన వస్తువులు కదిలిస్తే గ్రీసులో 2002 నాటి 3028 నంబరు చట్టం ఊరుకోదు, క్రీట్‌లో ఎలాఫొనీసి బీచి నుంచి గులాబీ ఇసుక తేవడమూ నిషేధమే. రాయి మన జేబులో ఉంటే మనమేదో చూసినట్టే లెక్క. ఎల్గిన్ ప్రభువు కూడా ఇలాగే మొదలుపెట్టి ఉంటాడు.

10. ప్రథమ చికిత్స

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఒక్కొక్కరికి చూపు తగులుతుంది. లక్షణాలు: ఫోను జేబులో పెట్టుకుంటాడు. నీడ వెతుక్కుని కూర్చుంటాడు. గ్రూపు పిలిచినా కదలడు. రాతి అతుకు మీద కళ్ళు పెట్టి "వీడెవడో గానీ పనిమంతుడు" అని గొణుగుతాడు. వెంటనే ఎకరం ధర అడగండి. పలకకపోతే ఇంటి దగ్గర బోరు ఎండిపోయిందని ఫోను వచ్చినట్టు చెప్పండి. అప్పటికీ కదలకపోతే బస్సు హారన్ కొట్టించండి.

తిరిగొచ్చాక ముదిరితే కష్టం. ఎల్లారెడ్డి పోతూ లింగంపేటలో బండి ఆపుతాడు. నాగన్న బావిలో కింది మెట్టు దాకా దిగి, గోడ మీద చెయ్యి పెట్టి, రాయికీ రాయికీ నడుమ ఏం పోశారని అడుగుతాడు. దోమకొండలో వాచ్‌మన్ వెళ్ళమనేదాకా ఉంటాడు. ఇంట్లోవాళ్ళు అన్నం పెడితే "పోచారం కట్టకు రాయి యాడికెల్లి తెచ్చిండ్రో నీకెరుకనా?" అని ముసలాయన్ను నిలదీస్తాడు. ముసలాయనకు నిజంగానే ఎరుక ఉంటే ఆ ఇంట్లో ఆ రాత్రి టీవీ ఆగిపోతుంది. ఇది అంటువ్యాధి, పిల్లలకు తొందరగా సోకుతుంది.

ఆఖరి దశలో రోగి ఏదో ఒక రోజు పొద్దున్నే లేచి, నాగార్జునకొండ పోదాం, కారు తీయమంటాడు. అడ్డం చెప్పకండి, మొండికేస్తాడు. "తప్పకుండా పోదాం బావా" అని శుక్రవారానికి ముహూర్తం పెట్టండి. ఆ రోజు మ్యూజియానికి సెలవు.